కుడివైపు అరిగిన కట్టె

మొన్న మా మామ మనవడు ఆ రైఫిల్‌ను దుప్పట్లో చుట్టి తెచ్చి నా వసారాలో పెట్టాడు. భుజానికి ఆనించే కట్టె మీద వార్నిష్ పెచ్చులు లేచిందట. "మీ చేతి పనే గదా తాతా, మళ్ళా మెరిసేట్టు చేసీండి" అన్నాడు. మెరిస్తే చాలు వాడికి. ఆ వంశమే అంత.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, రాజపాళయంలో మిల్లు వాటాదారు. సత్రపట్టి దారిలో మామిడితోట. పందులు తవ్వేస్తున్నాయని లైసెన్సు తీసుకున్నాడు గానీ, పంది కనబడితే జీపు దిగేవాడు కాదు. కాల్చినదంతా మంసాపురం నుంచి వచ్చిన తోట కావలివాడు. పెళ్ళిళ్ళలో కథ చెప్పేది మాత్రం మామ. "ఒక్క దెబ్బ! రెండు కండ్ల నడుమ!" అని తొడ చరిచేవాడు. వినేవాళ్ళంతా మిల్లులో కొలువున్నవాళ్ళు, తలలు బాగా ఊపేవాళ్ళు.

ఒకసారి కట్టె మెడ దగ్గర పగిలితే నాకిచ్చాడు. నేను ఏ ఆసారి దగ్గరా వడ్రంగం నేర్చుకోలేదు. పాత కుర్చీలు విప్పి బిగించి నేర్చుకున్నవాణ్ణి. పగులులో జిగురు నింపి, తాడుతో బిగించి, ఆరాక వెలుతురులో తిప్పి చూశాను. కుడిచేతివాటం మనిషి కాలిస్తే చెంప కట్టెకు ఎడమవైపు ఆనుతుంది. మామది కుడిచేతివాటమే. ఎడమవైపు గీత కూడా లేదు. కుడివైపు మాత్రం చెంప పట్టేంత గుంట, చెమటకు నల్లబడి నున్నగా ఉంది. కావలివాడిది ఎడమచేతివాటం.

నా తెలివికి నేనే మురిసి మామకు చూపించాను.

"ఓహో, పెద్ద సీఐడీ వచ్చినాడు! ఆ గుంట తీసెయ్ రా. రెండు పక్కలా సమంగా ఉండాల."

"వాని చెంపకు అమరింది మామా."

"వాని చెంపకా నేను లైసెన్సు తీసినాను?"

తిట్టుకుంటూనే తీశాను. చుట్టూ చెక్క గీకి, గరుకు కాగితం పట్టి, వార్నిష్ పూశాను. నలుగురూ వచ్చిపోయే మామ ఇంటి హాల్లో నా పని వేలాడుతుందని ఆశ. ఇంతసేపూ మామను తిట్టినవాడి బతుకు ఇదీ.

మర్నాడు కావలివాడు వచ్చి రైఫిల్‌ను ఎడమ భుజానికి ఎత్తాడు. చెంప రెండుసార్లు వెతుక్కుంది, కుదరలేదు. దించేశాడు.

"అయ్యా, ఇది మనది గాదు. ఎవురిదో మార్చి ఇచ్చినారు."

"పాలిష్ అప్పా, అంతే" అని మామ నవ్వాడు. కావలివాడు కుడివైపు వేలితో తడిమి, నా వంక చూశాడు. ఆ తర్వాత తుపాకీ అడగలేదు. రేకు డబ్బా వాయించి పందుల్ని తోలాడు.

ఆ గుంట పడటానికి ఎన్నేళ్ళు పట్టిందో అతనూ చెప్పలేడు. నేను తీసేసింది మాత్రం మధ్యాహ్నం భోజనానికి లేవకముందే.