దుంపల సంచీతో మాయాబందర్‌కు

పోర్ట్ బ్లెయిర్ నుంచి మాయాబందర్‌కు ఇంకా రోడ్డు పడని రోజులవి. వెళ్ళాలంటే ఓడ ఎక్కాల్సిందే. నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక బడిలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. మాయాబందర్ బడిలో ఎనిమిది మంది పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష పెట్టాల్సిన ఎగ్జామినరుకు జ్వరం రావడంతో ఆ పని నా మీద పడింది.

ఆ ఏడు పాఠం కాండాలు, వాటి రూపాంతరాలు. కాండమంటే నేలపైన నిటారుగా నిలబడేదే కాదు. అల్లం కొమ్ము, బంగాళాదుంప, కంద, ఉల్లిగడ్డ అడుగున ఉండే చిన్న బిళ్ళ, ఇవన్నీ మట్టిలో దాక్కున్న కాండాలే. నమూనాలు నేనే పట్టుకెళ్ళాలి. ముందురోజు సాయంత్రం అబర్డీన్ బజార్లో అన్నీ కొన్నాను. పిల్లల్ని తికమక పెట్టడానికి రెండు చిలగడదుంపలు కూడా వేశాను. అది కాండం కాదు, వేరు. చౌల్దారీలో ఉండే స్నేహితుడు కంచెలోంచి నాగజెముడు మట్ట ఒకటి కోసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆకులా కనిపించే ఆ మట్ట కూడా కాండమే.

ఉదయం ఆరింటికి ఓడ కదిలింది. నాది డెక్కు టిక్కెట్టు. నా పక్కనే చాప పరుచుకుని నూకాలమ్మ అనే ఆవిడ కూర్చుంది. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి మాయాబందర్లో స్థిరపడిన జాలరి కుటుంబం ఆవిడది.

"పెల్లి వంటకేటి బాబూ, ఇన్ని దుంపలు?" అంది సంచీ చూసి.

"పరీక్షకమ్మా" అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నాను.

"మా పార్వతికీ రేపే పరీచ్చ. మొక్కల పరీచ్చంట."

సంచీ మూతి గట్టిగా కట్టేశాను. కానీ మేష్టరు బుద్ధి ఊరుకోదు. కాసేపటికి నేనే మొదలుపెట్టాను. "ఇవన్నీ వేళ్ళనుకుంటారు గానీ కాండాలమ్మా. వీటికి కణుపులుంటాయి, కణుపు దగ్గర మొగ్గ ఉంటుంది."

"కన్ను సూసే కదా బాబూ ముక్క కోసి నాటతాం. కన్ను లేని అల్లం ముక్క పాతితే ఏటొత్తాది? సిలకడదుంపకైతే కన్నుండదు, తీగ ముక్క పాతాల."

నేను మూడు పీరియడ్లు చెప్పే పాఠం అంతటితో అయిపోయింది.

ఎనిమిదింటికి గాలి పెరిగి డెక్కు మీదికి నీళ్ళు చిమ్మసాగాయి. సంచీ తడుస్తుందని తీసుకెళ్ళి ఓడ వంటింటి గుమ్మంలో పెట్టాను. పదకొండున్నరకు భోజనం. ఎప్పుడూ అన్నం, పప్పు తప్ప మరోటి ఉండదని విన్నాను. ఆ రోజు అల్లం దట్టించి చేసిన బంగాళాదుంప, కంద కూర కూడా ఉంది. రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను. తిన్నాక వంటవాడి దగ్గరికి వెళ్ళి, "సబ్జీ బహుత్ అచ్ఛా హై, భయ్యా" అని మెచ్చుకున్నాను.

"ఆప్ కా హీ తో హై, సాబ్" అన్నాడతను. మీ కూరే కదా అని.

సంచీ తెచ్చి వంటింటి గుమ్మంలో పెడితే అందరికీ వండమని కాబోలనుకున్నాడట. వెళ్ళి చూస్తే చిలగడదుంపలు రెండూ, అతని వేలికి గుచ్చుకున్న నాగజెముడూ మాత్రం మిగిలాయి. పరీక్షలో సగం నా కడుపులోనే ఉంది.

"ఎలాగుంది బాబూ పరీచ్చ, రుసిగా ఉందా?" అని నూకాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

దారిలో ఓడ ఆగే రంగత్‌లో దిగి ఏమైనా కొందామంటే జెట్టీకీ బజారుకీ చాలా దూరం. ఓడ అంతసేపు ఆగదు. సాయంత్రం ఆరింటికి మాయాబందర్ చేరాం. జెట్టీకి వచ్చిన హెడ్మాస్టరు నా కథ విని తల పట్టుకున్నాడు. ఊళ్ళో దుకాణాల్లో కూరగాయలు అయిపోయి నాలుగు రోజులైంది. మా ఓడలో వచ్చిన బస్తాలు రేపు మధ్యాహ్నానికి గాని దింపరు. పరీక్ష ఉదయం తొమ్మిదికి, నా తిరుగు ప్రయాణం రెండింటికి.

"పరీక్ష ఆగితే పిల్లలు పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి రాయాలి" అన్నాడు.

పక్కనే మూట సర్దుకుంటున్న నూకాలమ్మ నవ్వు ఆగిపోయింది. "అంత దూరం దాని అయ్య పంపడు మాస్టారూ. సదువు మానిపించేత్తాడు. ఆ దుంపల పని నాకొదిలీండి."

"మీ అమ్మాయికి తెలియకూడదమ్మా" అన్నాను.

"దాన్ని మా సెల్లి ఇంటికి పంపిత్తాను."

మర్నాడు ఏడున్నరకు ఆవిడ, మరో ముగ్గురు ఆడవాళ్ళు వెదురు గంపలతో బడికి వచ్చారు. మూలపడి మొలకలెత్తిన బంగాళాదుంపలు, అల్లం, పసుపు, తలకాయంత కంద, ఉల్లిగడ్డలు, అరటి పిలక, డబ్బాలో పెంచిన పుదీనా. నేను తెచ్చినవాటికన్నా వందరెట్లు నయం.

"పసుపు ఎవరింటిది?" అని అడిగాను.

"మా సెల్లిదే. పార్వతే తవ్విచ్చింది."

విచారిస్తే ఎనిమిది మంది పిల్లలూ తలా ఒకటి తవ్వి ఇచ్చినవాళ్ళే. ఇంక దాచడానికేముంది? హెడ్మాస్టరుతో మాట్లాడి ప్రశ్న మార్చాను. పేరు చెబితే చాలదు, చేతికిచ్చింది కాండమో కాదో రుజువు చేసి చూపించాలి. అంతే.

పార్వతి వంతు వచ్చేసరికి చిలగడదుంప ఇచ్చాను. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. దుంపను అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూసింది.

"ఇది ఏ రకం కాండం?" అన్నాను కావాలనే.

"ఇది కాండం కాద్సార్."

"కాండాల బల్ల మీదే పెట్టాను గదా?"

"మీరు పెట్టినా సరే సార్, కణుపు లేదు. కన్నూ లేదు. ఇది వేరు."

హెడ్మాస్టరు కిటికీ వైపు తిరిగి దగ్గాడు. నేను తల వంచుకుని ఆ మాటకు పూర్తి మార్కులు వేశాను.

రెండింటికి ఓడ ఎక్కేటప్పుడు నూకాలమ్మ జెట్టీకి వచ్చింది. కూతురి మార్కులు అడుగుతుందేమో, చెప్పకూడదని ఎలా చెప్పాలా అనుకుంటున్నాను. ఆవిడ అడిగింది వేరు.

"మాస్టారూ, ఎవులి దుంప బాగున్నాదో కనుక్కుని రమ్మన్నారు మా ఓల్లందరూ."

"అన్నీ బాగున్నాయమ్మా."

"అలా అంటే కుదరదు. నాను ఊల్లోకి ఎల్లాల."

కాండాల పాఠం చెబుతూ ఇన్నేళ్ళు గడిపాను గానీ, దాని ఫలితం కోసం ఒక ఊరు ఊరంతా కాచుకుని ఉండటం నాకదే మొదలు. మాయాబందర్ ఎలా ఉందని ఇప్పుడెవరైనా అడిగితే ఆ సంగతే చెబుతాను. ఆ క్షణంలో మాత్రం నిజాయితీగా ఆలోచించి, "కంద" అన్నాను.

తాళ్ళు విప్పారు. ఓడ జెట్టీని వదిలి నాలుగు బారలు జరిగాక, ఆవిడ ముఖం చూస్తే అర్థమైంది, కంద వాళ్ళింటిది కాదని.