యాదమ్మత్త ఇంటి గోడ

నా మీసం మీద ఒట్టు, ఇందులో ప్రతి ముక్కా నిజం.

మొన్న యాప్రాల్‌లో ఎవరో ప్రహరీకి సున్నం కొడుతుంటే, ఆ తడి వాసనకి నేను పెరిగిన లాలాగూడ బస్తీ గుర్తొచ్చింది. సందుకో కంప్యూటర్ కోర్సు బోర్డు వెలిసిన రోజులవి. నాకు తొమ్మిదేళ్లు. వానకు మురుగునాలా పొంగి, పక్కింటి యాదమ్మత్త ఇంట్లోకి నడుముదాకా నీళ్లొచ్చాయి. బియ్యం, బట్టలు, ఆమె బతుకుతెరువైన కుట్టుమిషను, అన్నీ పాడయ్యాయి.

సర్కారు మనిషి పన్నెండో రోజున వచ్చాడు. ఆఫీసరొస్తున్నాడు కదా అని అత్త ముందురోజే ఇల్లంతా కడిగి, గోడలకు సున్నం కొట్టింది.

"నీటి మరక ఏదమ్మా? మరక లేకుంటే సాయం రాయొద్దని రూలు," అన్నాడాయన.

"పన్నెండు దినాలు బురదల కూసోవాల్నా సారూ? గీ పోరన్ని అడుగుండ్రి, అంతా చూసిండు."

నీళ్లు ఎంత ఎక్కువొచ్చాయని చెబితే అంత ఎక్కువ బియ్యం ఇస్తారనుకున్నాను. "కప్పుదాకా వచ్చాయి సార్! ఫ్యాను మీద చేప కూర్చుంది!" అన్నాను.

ఆయన పకపకా నవ్వి, "మంచిగ నేర్పినవమ్మా" అంటూ జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు.

"నీ నోట్ల మన్నుపొయ్య! నా నోటికాడి బువ్వ తీసినవ్ కదరా!" అని అత్త నన్ను తిట్టిపోసింది.

ఒప్పుకుంటున్నాను, ఆ తిట్టొక్కటే నా కల్పన. తిట్టి ఉంటే ఇంత సిగ్గు మిగిలేది కాదు. నిజానికి ఆమె నా తల మీద చెయ్యేసి, "చిన్న పిలగాడు, వానికేం తెలుసు సారూ" అంది.