ఆముదపు దీపం కింద నీలిరంగు

తిరుమలగిరిలో చీరలు నేసే గండయ్య వేసవి మధ్యాహ్నమైనా సరే, మగ్గమున్న గది తలుపులు తెరవడు. వడగాలి తగిలితే పోగులు ఎండి తెగిపోతాయి. అందుచేత నేల తడిపి, తలుపులు మూసి, దీపపు వెలుగులోనే నేస్తాడు. యుద్ధం వల్ల గాసునూనె కరువైన ఏడు ఆయన కందిలి పక్కనపెట్టి ఆముదపు దీపం వెలిగించుకున్నాడు. ఆయనకు అరవై దాటినదీ ఆ రోజుల్లోనే.

ఆ వేసవిలో పెళ్లిచీర అంచుకని అద్దించి తెచ్చిన నీలిరంగు నూలు ఆయన కంటికి నల్లగా కనిపించింది. పెళ్లిచీరలో నలుపు పడితే పెళ్లివారు దాన్ని ముట్టరు. అద్దిన సైదులు చిన్ననాటి స్నేహితుడు. నీలిమందు ధర పెరిగి పిరమైందని నలుపు కలిపాడని గండయ్య అనుమానించాడు. అనుమానాన్ని సంతలో నలుగురి ముందూ పెట్టాడు. తక్కిన నేతవారు సైదులు దగ్గర నూలు అద్దించడం మానుకున్నారు.

తగవు తీర్చమని సైదులు ఊరి బడిపంతులునైన నా వద్దకు వచ్చాడు. “గండన్న తిడితే పడుదును సారూ. దొంగ అన్నడు. గా మాటతోని నా పొయ్యి ఆరింది.”

సైదులు అద్దిన నూలుకట్టలను, అదే చిలపలను, వేరేచోట తెచ్చిన నల్ల చిలపలను కలిపి మగ్గం దగ్గర పెట్టించాను. నీలమేదో, నలుపేదో విడదీయమంటే ఆముదపు దీపం కింద గండయ్యే కాదు, ఆయన కోడలు ఆండాళు కూడా తడబడింది. దోషం దీపానిదే అనుకున్నాను. మా ఇంటి నుంచి కందిలి తెప్పిస్తే ఆండాళు తేలికగానే విడదీసింది. గండయ్య మాత్రం మళ్లీ కలిపేశాడు. చివరకు వాకిట్లోకి, ఎండలోకి వచ్చాం. అక్కడా ఆయన ఒక చిలపను నీలమని గట్టిగా పట్టుకున్నాడు.

“మామా, నీ చేతిల ఉన్నదే నలుపు,” అన్నది ఆండాళు, నవ్వు ఆపుకుంటూ.

ఆయన నవ్వలేదు. “గట్లయితే ఇన్నేండ్లు నేసినవాట్ల ఏది నీలమో, ఏది నలుపో?”

ముదిమిలో కంటిలోపలి పొర పసుపెక్కి నీలాన్ని మింగుతుందని చదివాను. ఆముదపు వెలుగూ పసుపే. వయసు ఎంత చెడగొట్టిందో, దీపం ఎంత చెడగొట్టిందో విడదీయలేకపోయాను. సైదులు నిర్దోషి అన్నంతవరకు మాత్రం తేలింది.

తరువాతి సంతలో గండయ్య సైదులు అద్దిన చిలపను ఒకదాన్ని పైకెత్తి చూపాడు. “గిది నా కంటికి ఇయ్యాల్టికీ నల్లగనే ఉన్నది. అందరు నీలమంటున్నరు. తప్పు నా కండ్లది, సైదులుది కాదు.”

పక్కకు వచ్చాక, తన ఈడువాడే అయిన సైదులును మెల్లగా అడిగాడు: “నీకైన నీలం కనపడ్తాందా?”

సైదులు చిలపను ఎండలో అటూ ఇటూ తిప్పాడు. “నేను చూసి అద్దుతనా గండన్న? మందు ఎంత పడ్డదో చెయ్యికెరుక.”

ఇద్దరూ దానికేసి చూస్తూ నిలబడ్డారు. అప్పటికే ఒకరిద్దరు నేతవారు తెల్లనూలు మూటలతో సైదులు వెనక నిలబడి ఉన్నారు.