పదో ముక్క

అత్తిముగం బడిలో ఐదో తరగతి దాటని అంకప్ప, హోసూరు ఫ్యాక్టరీలో రంపం మిషను ముందు నిలబడి తల నెరిసినవాడు. అతని దగ్గర పని నేర్చినవాళ్లు ఎందరో సూపర్‌వైజర్లయ్యారు. అతను కంటి అంచనాతో కోసిన కడ్డీని కొలిచి చూసి పెద్ద ఇంజినీరే ముక్కున వేలేసుకున్నాడు. చెత్తతొట్టిలో మంచి ముక్క పడనివ్వని మిషను ఆ షెడ్డులో అతనిదొక్కటే. ఈ సంగతులు అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

పోయిన ఏడు ఆ రంపం బదులు కంప్యూటరు మిషను వచ్చింది, దాన్నీ అంకప్పకే అప్పగించారు. దానికి ప్రోగ్రాం రాసింది నళిని. మీటరు కడ్డీని పాయింట్ ఒకటి మీటరు చొప్పున కోస్తే పది ముక్కలు రావాలి. మిషను తొమ్మిదింటిని ట్రేలోకి పంపి, పదోదాన్ని చెత్త కింద తోసేసేది. తన మిషను తొట్టిలో మంచి ముక్కా! అంకప్ప ఎవరికీ చెప్పకుండా, అది పడేలోపే చెయ్యి దూర్చి అందుకుని ట్రేలో వేసేవాడు. అలా అందుకుంటుండగానే ఒకనాడు ముక్కను తొట్టిలోకి తోసే పలక చేతిని నొక్కేసింది. కుడిచేతికి మూడు వేళ్లు పోయాయి.

ఆస్పత్రిలో చౌడమ్మ మొగుడి నోటికి సంగటి అందిస్తూ, "ఊరందరికీ పని నేర్పినావే, ఇంక ఎడమచేత్తో తినేది నువ్వు నేర్చుకో" అంటూనే కళ్లు తుడుచుకుంది.

నళిని వచ్చి మంచం పక్కన నిలబడింది.

"తప్పు నా ప్రోగ్రాందే అంకప్పన్నా. ఒకటిని మూడుతో భాగిస్తే తెగకుండా పోతుంది చూడు, కంప్యూటరుకు పాయింట్ ఒకటి అట్లాంటిదే. దాన్ని వెంట్రుకవాసి ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకే మీటరులో తొమ్మిదే పడతాయనుకుని, సున్నా రావాల్సిన శేషాన్ని ముక్కంత చూపించింది. శేషమంటే తొట్టికే అని రాసినాను నేను. కానీ తొట్టిలో ఒక్క ముక్కా కనపడలేదే?"

"యాడ కనపడతాది? నేను పడనిస్తేనే గదా!" అంకప్ప మెడ నిక్కించాడు.

"మొదటిరోజే ఒక మాట చెప్పుంటే అప్పుడే దిద్దేదాన్ని గదన్నా..."

చౌడమ్మ చెయ్యి ఆగిపోయింది. అంకప్ప కట్టు వైపు చూసుకున్నాడు.

"ఇప్పుడు దిద్దినావా తల్లీ?"

"దిద్దినాను. కొలతలన్నీ మిల్లీమీటర్లలో, పాయింటు లేకుండా మార్చినాను. పదీ ట్రేలోకే పోతున్నాయి."

"అయితే కట్టు విప్పినాంక వస్తాను. మిషను కాడ నిలబడేదానికి ఎడమచెయ్యి చాలు."

నళిని తల దించుకుంది. "ఇంక ఆ మిషను కాడ మనిషే అక్కర్లేదంటున్నారన్నా. అదే కోసుకుంటుంది, అదే ఏరుకుంటుంది."

"తినయ్యా" అంది చౌడమ్మ.

అంకప్ప నోరు తెరవలేదు.