సెలవుల్లేని కళ్లజోళ్ల షాపు

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. దాదాపు ఏడాదిపాటు నేను ప్రతి ఆదివారం మూసి ఉన్న షాపుకి పనికి వెళ్లాను.

వెళ్లడమంటే ఏదో మొక్కుబడిగా కాదు. పొద్దున్నే లేచి, జడ వేసుకుని, అమ్మ కట్టిన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, "ఆలస్యమైతే నిర్మల్‌దా ఊరుకోరమ్మా" అని ముఖం చిన్నబుచ్చుకుని మరీ వెళ్లాను. ఆ సమయానికి మా యజమాని నిర్మల్‌దా తన ఇంట్లో లుంగీ కట్టుకుని వేడి వేడి లూచీలు, అంటే మైదా పూరీలు, తింటూ ఉండేవారు. నేను సంత్రాగాఛిలో బస్సెక్కి, రెండో హుగ్లీ వంతెన దాటి, విక్టోరియా తోటలో ఒక బెంచీ చూసుకుని సాయంత్రం దాకా పుస్తకం చదువుకునేదాన్ని. చుట్టూ గొడుగుల చాటున జంటలు. మధ్యలో నేను, నా పుస్తకం, నా పులిహోర. నన్ను చూసి జాలిపడని తోట కాపలాదారు లేడు.

ఎందుకీ నాటకం అంటారా? మా తెలుగువాళ్ల రైల్వే క్వార్టర్సుల్లో ఆదివారం ఉన్నదే పెళ్లిచూపులకి. ఎవరింటికి ఏ చుట్టం వచ్చినా చివరికి మా ఇంట్లో తేలేవాడు, ఎవరో ఒక కుర్రాడి ఫోటోతో. నన్ను కొత్తవాళ్లు పేరడిగితే నా పేరు నాకు గుర్తు రావడానికే కాస్త వ్యవధి కావాలి. అలాంటిదాన్ని నలుగురి మధ్య చాప మీద కూర్చోబెడితే ఏమైపోతానో మీరే ఊహించుకోండి. అందుకని ఒకరోజు, "మా షాపులో సెలవులుండవమ్మా" అనేశాను. ఆ చిన్న మాట ఎంత బాగా పనిచేసిందంటే, నాకు రుచి తగిలింది. ఆదివారం లేదన్నాను. పండగలు లేవన్నాను. దుర్గాపూజకి ఊరంతా వీధుల్లో ఉన్నా మా షాపువాళ్లం మాత్రం లోపలే ఉంటామన్నాను.

"ఆడు మడిసేనా?" అని మా అమ్మ మెటికలు విరిచేది. "ఆడపిల్ల సేత ఆదోరం కూడా పని సేయిస్తాడేటి? ఆడి కళ్లజోళ్లు మండిపోనూ!"

నిజానికి నిర్మల్‌దా కంటే మెత్తని మనిషి మా షాపున్న భవానీపూర్‌లో ఉంటే నాకు చూపించండి. షాపులో ఉండేది ముగ్గురమే. ఆయన, వెనక గదిలో అద్దాలు అరగదీసే శిబూదా, కౌంటరు దగ్గర నేను. ('దా' అంటే బెంగాలీలో అన్న.) తలనొప్పి అన్నామంటే చాలు, "ఇంటికెళ్లు పైడీ" అనేవారు. (నా పూర్తి పేరు పైడితల్లి. అంత పొడుగు పేరు ఆయన నోట్లో పట్టలేదు.) కౌంటరు కింద పుస్తకం పెట్టుకుని చదువుతుంటే చూడనట్టు నటించేవారు. అటువంటి మనిషిని మా క్వార్టర్సుల ఆడవాళ్లంతా కుళాయి దగ్గర చేరి రోజూ శపించేవారు. అంతా నా చలవే.

అలా సాగిపోతుండగా ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ చల్లగా చెప్పింది. "నీకు సెలవు లేపోతే ఏటి? ఆల్లే షాపుకొస్తారు."

"ఎవరమ్మా?"

"ఖరగ్‌పూర్ సమ్మందం. కుర్రోడి మేనమామ ఈ వారంలో వచ్చి నిన్ను సూసెల్తాడు. కళ్లజోడు బాగుసేయించుకోడానికి వచ్చినట్టు వస్తాడట. నువ్వేటీ తెలీనట్టు ఉండు."

"తెలుగాయన వస్తే నాకు తెలిసిపోదా?"

"బెంగాలీలోనే మాటాడతాడట. పుట్టి పెరిగిందంతా ఇక్కడే కదా. బట్టతల, సేతిలో సంచి. అదీ గుర్తు."

బట్టతల, చేతిలో సంచి! ఆ వారమంతా నేను ఏ బస్సెక్కినా సగం బస్సు మేనమామలే.

షాపులో తలుపు చప్పుడైతే చాలు, నా గుండె కళ్లజోడు డబ్బా మూతలా టప్పున మూసుకునేది. సోమవారం ముగ్గురు బట్టతలల వాళ్లు వచ్చారు. ముగ్గురూ జోళ్లు కొనుక్కుని మర్యాదగా వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, నిర్మల్‌దా టీ తాగడానికి వీధి మలుపు దాకా వెళ్లినప్పుడు, ఆయన వచ్చారు. బట్టతల. చేతిలో సంచి. సంచి కౌంటరు మీద పెట్టి, జోడు తీసి నా చేతిలో ఉంచారు.

"కాడ ఊగుతోంది. కాస్త స్క్రూ బిగిస్తావా, మా?"

మనం అమ్మా అన్నట్టు, బెంగాలీ పెద్దవాళ్లు ఏ ఆడపిల్లనైనా 'మా' అనే పిలుస్తారు. పుట్టినప్పటి నుంచి వింటున్నదే. కానీ ఆ రోజు నా చెవికి అది కాబోయే కోడలిని పిలిచినట్టే వినిపించింది. తల వంచుకుని స్క్రూ విప్పాను. ఆయన షాపంతా కలియజూశారు. పైన ఫ్యాను చూశారు. గోడలు చూశారు. నా స్టూలు చూశారు.

"ఎక్కడి నుంచి వస్తావు?"

"సంత్రాగాఛి నుంచి."

"అంత దూరమా!" అన్నారు. ఏమీ ఎరగనట్టు ఎంత బాగా నటిస్తున్నారో అనుకున్నాను.

"పనిలో చేరి చాలా రోజులైందా?"

"రెండేళ్లు దాటింది."

"సెలవులు సరిగ్గా ఇస్తారా?"

అదిగో! పిల్ల ఇంటిపట్టున ఉంటుందా ఉండదా అని కూపీ లాగుతున్నారు. సెలవుల్లేవని చెబితే పారిపోతారు. నా జీవితంలో కొత్తవాళ్లతో అన్ని మాటలు అంతకుముందు మాట్లాడింది లేదు, ఆ తర్వాతా లేదు.

"సెలవా? ఆ మాట ఇక్కడ వినపడదండీ."

"వారానికో రోజైనా?"

"ఊహూఁ."

"ఆదివారం షాపు మూస్తారుగా?"

"షట్టర్ దించుతారు. మేం లోపలే ఉంటాం."

"పూజకి?"

"అష్టమి నాడు కూడా ఈ స్టూలు మీదే ఉన్నాను."

"జ్వరం వస్తే?"

"జ్వరంతోనే వస్తాను. స్టూలు మీదే ఒరుగుతాను."

ఆయన ముఖం ఎర్రబడుతోంది. నాకు లోపల పండగలా ఉంది. అప్పుడు ఆయన గొంతు తగ్గించి, "రేపు పెళ్లయి, బిడ్డ పుడితే?" అన్నారు.

ఇక అనుమానమేముంది? మేనమామ కాకపోతే ఆ ప్రశ్న ఎవరడుగుతారు? సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అయినా తెగించాను.

"బిడ్డని ఇక్కడికే తెచ్చుకోమన్నారండీ. కౌంటరు కింద పడుకోబెట్టొచ్చట."

వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషన్ టక్కున ఆగింది. శిబూదా తల బయటికి వచ్చింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

సరిగ్గా అప్పుడే నిర్మల్‌దా మట్టి కప్పు పట్టుకుని లోపలికొచ్చారు. "పైడీ, పొద్దున తుమ్ముతున్నావు కదా, నీకని అల్లం టీ తెచ్చాను."

కౌంటరు ముందున్న బట్టతలాయన జేబులోంచి కార్డు తీశారు. "మీరేనా యజమాని? నేను కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్‌ని. ఈ వీధి షాపుల తనిఖీకి వచ్చాను."

నా చేతిలోంచి స్క్రూ జారిపోయింది.

"ఈ అమ్మాయి చెప్పినదాన్ని బట్టి మీ మీద కేసు పెట్టాలి," అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. "సెలవు రోజున షట్టర్ దించి పని చేయిస్తారా? జ్వరమొచ్చిన పిల్లని స్టూలు మీద ఒరగనిస్తారా?"

"నేనా?" అన్నారు నిర్మల్‌దా. టీ కప్పు ఇంకా నా వైపే చాచి ఉంది. ఆయన నన్ను చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

"నా జోడు ఇవ్వు మా. ఇవన్నీ ఇప్పుడే రాసుకోవాలి. అది లేకపోతే నాకు అక్షరం కనపడదు."

"స్క్రూ... పడిపోయింది," అన్నాను.

నిర్మల్‌దా పాపం, తన మీద కేసు రాసే కళ్లజోడు స్క్రూ కోసం తానే నేల మీద మోకరిల్లారు. శిబూదా కౌంటరు కిందికి దూరాడు. ఇన్‌స్పెక్టర్ గారు కూడా వంగి తడమడం మొదలుపెట్టారు. నేను మాత్రం కదల్లేదు. ఎందుకంటే స్క్రూ నా చెప్పు కింద ఉంది.

కాలు తీస్తే ఆయన రాసేస్తారు, షాపు మునుగుతుంది. తీయకపోతే జీవితాంతం అక్కడే నిలబడాలి. నిజం చెబుదామని నోరు తెరిచాను. నోట్లో ఒక్క బెంగాలీ మాట లేదు. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాష, ఎవరో స్విచ్ ఆపినట్టు పోయింది.

తలుపు చప్పుడైంది. ఇంకొక బట్టతల. ఇంకొక సంచి. "దాదా, ఈ జోడు కాస్త..." అని బెంగాలీలో అంటూ వచ్చి, నేల మీద పాకుతున్న ముగ్గురు పెద్దమనుషులను చూసి ఆగిపోయారు.

నాలో ఏదో తెగింది. "నిర్మల్‌దా తప్పేం లేదండీ!" అని అరిచాను. తెలుగులో.

"ఏమంటోంది?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు కింది నుంచి.

"యజమాని తప్పేమీ లేదంటోంది," అని కొత్తాయన బెంగాలీలో చెప్పారు.

ఆ మనిషికి తెలుగెలా వచ్చిందని నేను అప్పుడే ఆలోచించాల్సింది. కానీ గట్టు తెగాక ఆగేదెక్కడ?

"ఆదివారం షాపు మూసే ఉంటుంది! మా అమ్మకి అబద్ధం చెప్పి నేనే తోటలో కూర్చుంటాను!"

"ఆదివారం తోటలో కూర్చుంటుందట," అని ఆయన అనువదించి, నా వైపు తిరిగి తెలుగులో, "ఎవరితోటి?" అన్నారు.

"పుస్తకంతో!"

"పుస్తకంతోనట."

"ఈయన పెళ్లికొడుకు మేనమామ అనుకున్నాను! భయపడి పారిపోతారని అన్నీ కల్పించి చెప్పాను! ఆ ఖరగ్‌పూర్ సంబంధం నాకొద్దు!"

ఈసారి అనువాదం రాలేదు. కొత్తాయన సంచి నెమ్మదిగా కింద పెట్టారు.

"ఏటమ్మా," అన్నారు. "ఆ మేనమామని నేనే."

తర్వాత, మొదలుపెట్టిన పని మధ్యలో వదలని మనిషి కాబోలు, ఇన్‌స్పెక్టర్ గారి వైపు తిరిగి అదంతా కూడా బెంగాలీలో చెప్పారు. తన మాటతో సహా. "ఓ రె బాబా!" అంది కౌంటరు కింద నుంచి శిబూదా గొంతు.

నేను కాలు తీశాను.

స్క్రూ బిగించి ఇచ్చాక ఇన్‌స్పెక్టర్ గారు జోడు పెట్టుకుని మా అందరినీ ఒక్కొక్కరిగా చూశారు. "అయితే సెలవులు ఇస్తారన్నమాట."

"అడిగితే ఎప్పుడు కాదన్నాను?" అన్నారు నిర్మల్‌దా.

"అడగకపోతే?"

"అడగకపోతే ఎందుకిస్తాను?"

ఇన్‌స్పెక్టర్ గారు శిబూదా వైపు తిరిగారు. "జీతంతో, ఏ కారణం లేకుండా, మీరు ఆఖరుసారి సెలవు ఎప్పుడు తీసుకున్నారు?"

శిబూదా నేల మీదే కూర్చుని వేళ్లు లెక్కపెట్టాడు. "కామెర్లొచ్చినప్పుడు."

"అది సెలవా?"

"హాయిగా పడుకున్నాను బాబూ."

నవ్వబోయిన వాళ్లం ఎవరమూ నవ్వలేకపోయాం. "ఇన్నేళ్లూ ఇంటి మనుషుల్లా చూసుకున్నానండీ," అన్నారు నిర్మల్‌దా.

"చూసుకున్నారు, కాదనను. కానీ ఏడాది పనిచేసినవాళ్లకి జీతంతో కూడిన సెలవు వాళ్ల హక్కు. అది మీ మంచితనం మీద ఆధారపడకూడదు. మంచివాళ్లకీ చిరాకు రోజులుంటాయి." ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నానని, ఎవరికి ఏ సెలవులు ఉన్నాయో గోడ మీద కనపడాలని, మళ్లీ వచ్చి చూస్తానని చెప్పారు. వెళుతూ వెళుతూ నా దగ్గర ఆగారు. "నువ్వు చెప్పినవన్నీ అబద్ధాలే మా. కాకపోతే చెప్పాల్సిన మనిషికే చెప్పావు."

నిర్మల్‌దా నా అల్లం టీ తనే తాగేశారు. కప్పు పక్కన పెట్టి, "పైడీ, సోమవారం నుంచి నీకు వారం రోజులు సెలవు. జీతంతోనే. ఈ వీధిలో కనపడ్డావంటే నా మీద కేసే," అన్నారు. కోపమో నవ్వో తెలియలేదు. తర్వాతి వారం సెలవు శిబూదాదట. ఏం చేయాలో తెలియక శిబూదా బెంగపెట్టుకున్నాడు.

మేనమామ గారు ఇంకా అక్కడే ఉన్నారు. "నాది కూడా బిగించమ్మా," అని తన జోడు చాచారు. "వంక అనుకున్నావేటి? నిజంగానే ఊడింది." బిగించి ఇచ్చాను. గుమ్మం దాటకముందే ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం, "అక్కయ్యగారూ..." అనడం వినిపించింది.

ఆ సాయంత్రం హుగ్లీ మీద బస్సులో నిలబడి, కమ్మీ పట్టుకుని, గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఇకముందు బట్టతల, చేతిసంచి ఉన్న ఏ పెద్దమనిషి ఎదురైనా, ఆయన ఉద్యోగమేమిటో, పెళ్లీడు మేనల్లుళ్లు ఉన్నారో లేదో విచారించకుండా నోరు విప్పను. ఉన్న సెలవు లేదనను. ఎవరి స్క్రూ మీదా కాలు పెట్టను. షాపులోని జోళ్లన్నిటి మీదా ఒట్టు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. చెప్పులు విప్పి ఆమె పక్కన కూర్చున్నాను. చేట కుదుపుతూ తనే అంది.

"మేనమామగారు ఫోన్ సేసినాడు. తోట సంగతీ సెప్పినాడు."

"ఏమన్నారు?"

"పిల్ల నచ్చిందట. సోమారం నుంచి సెలవంట కదా, కుర్రోడితో వొచ్చి సూసెల్తామన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సెలవు రద్దయిపోనాది అన్నాను." చేటలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది. "ఆదోరం డబ్బాలోకి ఏటి పెట్టమంటావు?"