మనుషులు లేని ఫోటోలు

తాడేపల్లిగూడెంలో ఫోటో స్టూడియో నడిపే కుసుమకుమారికి కోపం ఎక్కువని బజారంతా ఎరుగును. భర్త చలపతిరావు పోయాక ఆ కోపమే షాపుని నిలబెట్టింది. ఫ్రేము వంకరగా వస్తే వడ్రంగిని, కరెంటు పోతే లైన్‌మన్‌ని, ఎవరూ దొరక్కపోతే గోడ మీద గడియారాన్నీ తిట్టేది.

ఈసారి మాత్రం కోపానికి కారణం ఉంది. చలపతిరావు పదిహేనేళ్ళు తీసిన పెళ్ళి ఆల్బములన్నీ ఒక వెబ్‌సైటులో దాచాడు. కాలువ నీళ్ళు షాపులోకొచ్చి హార్డ్‌డిస్కులు పాడయినప్పటి నుంచీ అదే ఆధారం. ఆ సైటువాళ్ళు నెలాఖరుకి మూసేస్తున్నాం, మీవి మీరు తీసుకుపొండి అని ఒక మెయిలు పడేసి చేతులు దులుపుకున్నారు.

"అద్దెకున్నవాణ్ణయినా ఇలా గెంటరు కదర్రా!" అని కుసుమకుమారి ఫోను మీద అరిచింది. దానికేం తెలుసు, పాపం.

ఫోటోలను వేరేచోటికి మార్చే టూల్ కోసం వారం రోజులు వెతికింది. ఒకటి ఫోటోల్ని చిన్నవి చేసేస్తుంది, ఒకటి సగంలో ఆగిపోతుంది, ఇంకొకటి డాలర్లు అడుగుతుంది. చివరికి వట్లూరులో కంప్యూటర్లు బాగుచేసే వీరేంద్ర వచ్చి, ఉచితంగా దొరికే టూల్ ఒకటి పెట్టి, రెండు రోజుల్లో "అంతా వచ్చేసిందండీ" అన్నాడు. నెలాఖరుకి సైటు మూతపడింది.

మరో పది రోజులకి కొల్లేటి లంక నుంచి పాపారావు వచ్చాడు. చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. భార్య మాణిక్యం కాలం చేసింది. ఎల్లుండి పెద్దకర్మ.

"ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో వరదకి పోయిందండి అమ్మగారూ. మా పెళ్ళికి అయ్యగారే తీశారండి. దండేయడానికి కావాలండి."

కుసుమకుమారి కంప్యూటర్ తెరిచింది. ఆల్బములకు పేర్లు లేవు, ఊళ్ళు లేవు. ఇరవై వేల ఫోటోలు, వాటి కింద అంకెలు. వెంటనే వీరేంద్రకి ఫోను కొట్టింది.

"పేర్లు డేటాబేస్‌లో ఉంటాయండీ. దానికి వేరే టూల్ వాడాలండి. మీరు ఫోటోలే అన్నారు కదండీ."

"నేననకపోతే నీకు బుర్ర లేదా నాయనా? సరే, ఎవరి పెళ్ళో తెలియాలని ఆయన ప్రతి పెళ్ళికీ ముందు శుభలేఖని ఫోటో తీసేవారు. అవేవి?"

వీరేంద్ర నసిగాడు.

"మనుషులు లేని ఫోటోలు కదండీ... ఫ్రీ టూల్‌కి ఇరవై వేలే లిమిటండి. మిమ్మల్ని అడిగే తీసేశానండీ. మనుషులుంటే చాలు, మిగతావి తీసిపారెయ్ అన్నారండి మీరు."

అన్నది. ఆవకాయ జాడీకి గుడ్డ కడుతూ, వెనక్కి తిరక్కుండానే అన్నది. ఒళ్ళు మండిపోయి ఫోను బల్ల మీద విసిరికొట్టింది.

"కూర్చోండి," అని పాపారావు మీద కసిరింది. "ఇరవై వేలయినా చూద్దాం."

పొద్దు వాలుతుండగా పాపారావు "ఆగండమ్మా" అన్నాడు. తెర మీద మాణిక్యం. దోనెలో నిలబడి, జుట్టులో తలంబ్రాల బియ్యంతో నవ్వుతోంది. చాలాసేపు చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"దీనికి ముందు పలక ఉండాలండి."

"పలకేంటి?"

"మాకు శుభలేఖలు అచ్చేయించుకునే తాహతు లేదండి. అయ్యగారు ఎవరో బడిపిల్ల పలక అడిగి తీసుకుని, మా పేర్లు ఆయన చేత్తోనే రాసి ఫోటో తీశారండి. లేనోళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ అలాగే చేసేవారండి. ముత్యాల్లాంటి అక్షరాలండి."

కుసుమకుమారి దాని ముందు ఫోటో తెరిచింది, అది వేరే పెళ్ళిది. చలపతిరావు చేతిరాత ఇంట్లో ఒక్క ముక్క లేదు. కాగితాలన్నీ షాపులోనే ఉండి ఆ కాలువ నీళ్ళకే పోయాయి. ఇన్నాళ్ళూ ఆ రాత ఎన్ని పలకల మీద ఉందో తనకు తెలియనే తెలియదు. తన నోటితోనే తీసిపారెయ్యమంది.

ఫోటో ప్రింటు తీసి, ఫ్రేము కట్టి ఇచ్చింది. పాపారావు గడప దాటబోతుంటే పోట్లాటకు దిగినట్టు అడిగింది.

"ఆ పలక మీద ఆయన ఏం రాశారో గుర్తుందా?"

"ఉందండి. ముందు మాణిక్యం పేరు రాశారండి. దాని కింద నాది."

ఆ సాయంత్రం కుసుమకుమారి గడియారం జోలికి పోలేదు. షాపు తలుపులు వేసేదాకా తనను తానే తిట్టుకుంది, బజారంతా వినేట్టు.