లైను పిలిచేవాడి బండి

‘లేదు సార్’ అన్నాను. ఇన్నేళ్లుగా ఆ మాట నన్ను వదల్లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకొద్దు. వినండి చాలు.

మైత్రీవనం దగ్గర మాది ఆటో స్టాండ్. కోచింగ్ పిల్లలు కుప్పలుగా దిగే రోజుల్లో బేరాల కోసం కాలర్లు పట్టుకునేవాళ్లం. అప్పుడు ఆటోలకు వంతుల లైను పెట్టింది నేనే. బడికి పోలేదు, దినపత్రికలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. అయినా ఒక న్యాయం తెలుసు. విజిల్ వేసి వంతు పిలిచేవాడు ఆ రోజు తన బండిని లైనులో పెట్టకూడదు. పెడితే వాడి చూపు దాని మీదే ఉంటుంది. ఒకరోజు నేను పిలిస్తే, మర్నాడు స్టాండులో తోటి డ్రైవరు ఖాజా భాయ్ పిలిచేవాడు.

తర్వాత ఫోనులో బండి పిలిపించే కంపెనీ వచ్చింది. ఖాజా భాయ్ ఆటో అమ్మి, సొంత కారు కొని అందులో చేరాడు. రోడ్డు మీద చెయ్యెత్తే మనిషి కనబడకుండా పోయాక కంపెనీ తన కార్లు కూడా దింపింది. ఒకటి నడపమని నాకిచ్చింది. పంజాగుట్టలో ఖాజా భాయ్ ప్రయాణికుడి ఎదురుగానే ఉన్నా, ఎక్కడో ఉన్న నా ఫోనే మోగేది. నాకు తెలుసు. రోజూ తెలుసు.

సొంత కార్లవాళ్ల ఫిర్యాదులు పోతే లక్డీకాపూల్‌లోని సర్కారు ఆఫీసుకు మమ్మల్ని పిలిచారు. కంపెనీ ముందు తన కార్లకే బేరాలిస్తోందా అని అధికారి అడిగాడు. స్టాండు పెద్దను కదా, నన్నే అడిగాడు. ఖాజా భాయ్ పక్కనే ఉన్నాడు.

‘లేదు సార్.’

ఎందుకన్నాను? భయమా? కాదు. ఏసీకి అలవాటుపడ్డ ఒళ్లు, ఫోను మోగిన ప్రతిసారీ లోపల పుట్టే గర్వం, నేను కాకపోతే ఇంకొకడు నడపడా అని నాకు నేనే చెప్పుకున్న సాకు, అన్నీ కలిసి నాతో ఆ మాట అనిపించాయి.

మెట్లు దిగుతుంటే ఖాజా భాయ్ అన్నాడు: ‘అన్నా, లైను పిలిచెటోడు బండి పెట్టొద్దన్నది నువ్వే గద.’

‘గా స్టాండు వేరు, గిది వేరు భాయ్.’

‘ఏం వేరు? గప్పుడు నీ చేతిల విజిల్ ఉండె. గిప్పుడు కారు తాళం ఉన్నది.’

తర్వాత బేరాల్లేక కారు అమ్ముకుని ఆయన శ్రీనగర్ కాలనీలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేరాడు. కంపెనీ కార్లకు గేటు తీసేవాడు. ఒకసారి నాకూ తీశాడు. సలాం కూడా చేశాడు.

తప్పు నాదే. కానీ నా ‘లేదు’తో ఫైలు మూసినవాళ్లను వదలను. కంపెనీ లోపలి లెక్కలు తెరిచి చూసే అధికారం ఉండి, దాని కారు నడిపేవాడి నోటిమాట చాలనుకున్నారా? ఆటో స్టాండుకు పనికొచ్చిన న్యాయం అంత పెద్ద కంపెనీకి పనికిరాదా? బండి పెట్టినవాడి చేతిలోంచి విజిల్ లాక్కోవాలి. అంతే.

ఖాజా భాయ్‌ని క్షమించమని అడగను. ఆయన క్షమించినా నా అబద్ధం అబద్ధమే. ఆనాటి ప్రశ్నకు ఇవాళ జవాబిస్తున్నాను.

అవును సార్. ముందు తన కార్లకే ఇచ్చింది. నాకిచ్చింది.